గంజి, చింతపిక్క, సెల్యులోజు: గుడియాత్తము మగ్గముల నేపథ్యమున ద్రావణముల చరిత్ర

పాలారు లోయలో వేలూరు, గుడియాత్తము పట్టణములు రెండును తెలుగు వారికి క్రొత్తవి కావు. చిత్తూరు సీమ కొండలలో పుట్టిన కౌండిన్య నది గుడియాత్తము మీదుగా ప్రవహించి పాలారులో కలియుచున్నది. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు చిత్తూరు తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే యుండెను. 1953 లో ఆంధ్ర రాష్ట్రమును, 1956 లో భాషాప్రయుక్త రాష్ట్రములును ఏర్పడిన పిదప వేలూరు, గుడియాత్తములు తమిళ దేశమున నిలిచినవి. 1989 లో ఉత్తర ఆర్కాటు జిల్లా విభక్తమైనది. 2019 లో వేలూరు జిల్లా మరల మూడు జిల్లాలుగా విడిపోయినను గుడియాత్తము వేలూరు జిల్లాలోనే మిగిలినది. పాలనా సరిహద్దులు ఇన్ని మారులు మారినను మగ్గము, తోళ్ల శాల, అగ్గిపెట్టెల కార్ఖానా అను మూడు వృత్తులు ఈ లోయను విడిచి పోలేదు.

ఈ మూడు వృత్తులకును ఒక రహస్యము సమానముగా నున్నది. నీటిలో కలిసిన పొడవైన అణువుల గొలుసులు ఏ వేడికి చిక్కబడును? ఏ వేడికి గడ్డకట్టును? ఏ వేడికి నీటిని విడిచి వేరగును? రసాయన శాస్త్రము ఈ ప్రశ్నలను పందొమ్మిదవ శతాబ్ది నడుమ నుండి మాత్రమే విచారించుచున్నది. పడుగునకు గంజి పట్టించు నేతగాడు వాటి సగము సమాధానమును అంతకు పూర్వమే చేతితో నెరిగియుండెను. తక్కిన సగము, అనగా సెల్యులోజు ద్రావణముల విపరీత ధర్మము, ప్రయోగశాలలో బయల్పడినది. ఈ రెండు సగములును కలిసిన తీరే ఈ వ్యాసమునకు విషయము.

1. పడుగును గంజియు

ఉత్తర ఆర్కాటు సీమ నేతగాండ్రలో తమిళము మాటాడు సెంగుందరులతో పాటు తెలుగు మాటాడు దేవాంగులు, పద్మశాలీలు నుండిరి. గుడియాత్తము లుంగీ నేతకు పేరుగాంచినది. నేతలో పేక నూలు కంటె పడుగు నూలు ఎక్కువ శ్రమకు లోనగును. నాడె అటునిటు పరుగెత్తునపుడెల్ల పడుగు పోగులు పన్నె పండ్ల నడుమ రాచుకొనును. నూలు పైనున్న సన్నని నూగు లేచి పోగులు ఒకదాని కొకటి చిక్కుకొని తెగును. తెగిన ప్రతి పోగును మరల ముడివేయవలెను. గుడ్డ కింత యని కూలి పుచ్చుకొను నేతగానికి ముడివేయు కాలమునకు కూలి లేదు. పోగునకు పూతవలె అంటుకొని, నూగును అణచి, బలమిచ్చు గంజి కేవల మొక ఉపకరణము కాదు. ఆ దినపు కూలి దానిపై ఆధారపడి యుండెను.

గంజి కాచుటలో ఒక క్రమము కలదు. బియ్యపు పిండిని గాని రాగి పిండిని గాని ముందు చన్నీటిలో కలిపి ఉండలు లేకుండ చేయుదురు. పిదప పొయ్యిపై నుంచి కలియబెట్టుచు కాచుదురు. మరుగు నీటిలో పొడి పిండిని ఒక్కసారిగా వేసినచో పై పొర తక్షణము ఉబ్బి లోపలి పిండిని నీరు చేరనీయదు, ఉండ కట్టును. ఈ సంగతి గృహిణు లందరికిని తెలిసినదే. బియ్యపు పిండి రేణువులు ఇంచుమించు 65 నుండి 78 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నీటిని పీల్చి ఉబ్బి పగులును. వాటిలోని గొలుసులు నీటిలోనికి వచ్చును, ద్రవము చిక్కబడును. చల్లారిన కొలది ఆ గొలుసులు మరల ఒకదానితో నొకటి చేయి కలిపి గడ్డకట్టును. చిత్తూరు, వేలూరు పల్లెలలో వేడివేడిగా మెత్తగా నున్న రాగి సంకటి చల్లారిన పిదప గట్టిపడుటకు కారణ మిదియే. గంజి ఇంకను నిలువ యున్నచో గొలుసులు మరింత దగ్గరై తమ నడుమనున్న నీటిని బయటికి నెట్టివేయును. గంజి విరిగి నీరు తేలును. ఒకే పాత్రలో చిక్కబడుట, గడ్డకట్టుట, విడిపోవుట అను మూడు దశలును ఈ విధముగా క్రమముగా జరుగుచున్నవి.

పడుగును వీధి పొడవున చాచి, కుంచెతో గంజిని ఒకే దిక్కునకు దువ్వుచు పట్టించు పని తెల్లవారు జామున జరిగెడిది. ఎండ ముదిరినచో గంజి పోగు లోపలికి ఇంకక మునుపే పైపై ఆరి పెచ్చులుగా లేచును. వాన కురిసినచో పనియే సాగదు. ఆ దినములు కూలి లేని దినములు. పూత మరీ బిరుసు కాకుండ కొంచెము నూనె కలుపుదురు. ఈ పనికి ఒక్కడు చాలడు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు చేరవలసినదే. వేడికి, తేమకు, కాలమునకు, చిక్కదనమునకు గల సంబంధమును సూత్ర రూపమున నెవరును వ్రాయలేదు. అది వ్రేళ్ల నడుమ పోగు జారు తీరులో మాత్రమే నిలిచియుండెను.

1856 లో రాయపురము నుండి వాలాజా వరకు దక్షిణ దేశపు తొలి రైలు మార్గము నడచినది. ఈ లోయ మదరాసు రేవుతో కలిసినది. మిల్లు నూలు, మిల్లు గుడ్డ సులభముగా లోపలికి వచ్చినవి. ఆ కాలపు లాంకషైరు మిల్లులలోను గంజి సమస్యయే ప్రధానము. 1861–65 నాటి ప్రత్తి కరువులో మంచి నూలు దొరకక, పిండితో పాటు తెల్లని చీనా మట్టిని దట్టముగా పట్టించి గుడ్డకు లేని బరువును తెప్పించిరి. నూలును కాపాడవలసిన గంజి నూలు లోపమును కప్పిపుచ్చుటకును పనికివచ్చె నన్నమాట. 1906 ప్రాంతమున ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ సేలములో నేత కార్ఖానా నెలకొల్పి మెరుగైన మగ్గములను పరీక్షించెను. నేతగాండ్రు తమ ఇండ్లు విడిచి కార్ఖానాకు వచ్చుట కిష్టపడలేదు. వీధియే వారికి కార్ఖానా.

2. తోలు జిగురును అగ్గిపుల్లయు

గుడియాత్తములో వృద్ధి పొందిన మరియొక పరిశ్రమ అగ్గిపెట్టెలది. పుల్ల తల మందును పట్టి యుంచునది జంతు చర్మముల నుండియు, ఎముకల నుండియు తీసిన జిగురు. ఈ జిగురు చన్నీటిలో ఉబ్బును, వేడి నీటిలో కరగును, చల్లారగనే గడ్డకట్టును. కనుకనే మందు పాత్రను గోరువెచ్చగా నుంచవలెను. ముంచి తీసిన పుల్ల చల్లగాలి తగులగనే మందు గట్టిపడును. ఇంచుమించు 35 డిగ్రీలు దాటిన వేడిలో ఈ గడ్డ నిలువదు. వేలూరు ఎండకాలమున నీడపట్టున సైతము 40 డిగ్రీలు దాటుట సామాన్యము గనుక ఇది చిన్న చిక్కు కాదు.

ఈ జిగురునకు మూలము ఈ లోయలోని తోళ్ల శాలలకు ముడి పదార్థమైన చర్మమే. ఆ చర్మమును శాస్త్రదృష్టితో పరిశీలించుటకు 1948 లో మదరాసున కేంద్ర చర్మ పరిశోధనాలయము వెలసినది. తెనాలి ప్రాంతమున యెలవర్రు గ్రామమున జన్మించిన యెలవర్తి నాయుడమ్మ 1958 నుండి 1971 వరకు దానికి సంచాలకుడుగా నుండెను. 1954 లో మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనువారు చర్మములోని కొల్లాజెన్ అణువు మూడు పేటల పురి యని ప్రకటించిరి. జిగురు చల్లారినపుడు జరుగునది, విడిపోయిన పేటలు అక్కడక్కడ మరల పురివడుటయే. పురి, పేట అను మాటలు నేతగానికి పరాయివి కావు.

గంజి, జిగురు రెండును ఒక నీతిని పాటించుచున్నవి: వేడిచే కరగుట, చలువచే గట్టిపడుట. లోకమున సర్వ పదార్థములును ఇట్లే ప్రవర్తించునని తోచుట సహజము. ఈ తలపును తలక్రిందులు చేసినది సెల్యులోజు.

3. ఒకే ఇటుక, వేరు కట్టడము

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పేయన్ 1838 లో మొక్కల కణ కవచము నుండి ఒక పదార్థమును వేరుచేసెను. దానికే సెల్యులోజు అను పేరు స్థిరపడినది. ప్రత్తి దాదాపు శుద్ధ సెల్యులోజు. విచిత్ర మేమనగా, పడుగు నూలును, దానికి పట్టించు గంజియు ఒకే ఇటుకతో కట్టినవి. ఆ ఇటుక గ్లూకోజు. అయితే ఇటుకలను అతికించు తీరు వేరు. గంజిలో అతుకు వంకరగా నుండుటచే గొలుసు సుడి తిరుగును. నీరు లోపలికి చొరబడగలదు. ప్రత్తిలో గొలుసు తిన్నగా సాగి, ప్రక్క గొలుసులతో ఒత్తుగా పేర్చుకొని, నీటికి చోటీయదు. కనుక గంజి అన్నమైనది, ప్రత్తి గుడ్డయైనది. గుడ్డ నీట తడియును గాని కరగదు.

ఈ కరగని వస్తువును కరగించుటకు ఒక శతాబ్ది కృషి జరిగినది. 1846 లో షోన్‌బైన్ నత్రికామ్లముతో ప్రత్తిని ప్రేలుడు ప్రత్తిగా మార్చెను. 1857 లో ష్వైట్సర్ రాగి, అమోనియాల నీలి ద్రావణమున సెల్యులోజును కరగించెను. 1892 లో క్రాస్, బెవన్, బీడిల్ అను మువ్వురు ఆంగ్లేయులు విస్కోజు పద్ధతిని కనిపెట్టిరి. కృత్రిమ పట్టునకు అది మార్గమైనది. ఈ నడుమనే 1861 లో థామస్ గ్రాహమ్ జిగురువంటి పదార్థములను కొల్లాయిడులని వర్గీకరించి వాటి అధ్యయనమునకు పునాది వేసెను. 1920 లో హెర్మన్ స్టౌడింగర్ ఇవి వేలకొలది కూడికలతో ఏర్పడిన నిజమైన బృహదణువులని వాదించెను. ఆనాడు చాలమంది ఒప్పుకొనలేదు. 1953 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

మరియొక మార్గము కలదు. సెల్యులోజు గొలుసుల పరస్పర బంధమునకు కారణమైన హైడ్రాక్సిలు కొసలలో కొన్నిటికి చిన్న మిథైలు గుంపులను తగిలించినచో గొలుసులు ఒత్తుగా పేర్చుకొనలేవు. నడుమ నీరు చేరును. 1912 ప్రాంతమున లిలియన్‌ఫెల్డ్, లాయ్‌క్స్, డ్రెయ్‌ఫస్ అనువారు ఇట్టి పదార్థములకు వేర్వేరుగా పేటెంట్లు పొందిరి. ఇట్లు పుట్టినదే మిథైల్ సెల్యులోజు. ఇది చన్నీటిలో కరగి తేటయైన చిక్కని ద్రవమగును.

4. వేడికి గడ్డ, చలువకు నీరు

ఈ ద్రవమును కాచినచో సామాన్యముగా 50–60 డిగ్రీల నడుమ అది తెల్లబడి గడ్డకట్టును. చల్లార్చినచో మరల తేట నీరగును. 1935 లో హైమన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని విపరీత పరివర్తనముగా పేర్కొని పరిశీలించెను. కరగు వేడి, గడ్డకట్టు వేడి సమానములు కావు. గడ్డ మరల కరగుటకు ఇంకను తక్కువ వేడికి దిగవలెను. ఏర్పడిన గడ్డ అంత తేలికగా విడిపోదన్నమాట.

దీనికి కారణము నీటిలోనే యున్నది. మిథైలు గుంపు నూనె స్వభావము కలది, నీటితో పొసగదు. చల్లని నీటిలో నీటి యణువులు దాని చుట్టును పంజరమువలె క్రమముగా నిలిచి దానిని భరించును. వేడి హెచ్చిన కొలది ఆ క్రమము చెదరును. నీరు దూరము కాగా నూనె స్వభావము గల భాగములు ఒకదాని నొకటి ఆశ్రయించును. అట్లు అక్కడక్కడ ముడులు పడి వలవంటి గడ్డ ఏర్పడును. గంజిలో చలువ చేసిన పనిని ఇచ్చట వేడి చేయుచున్నది. బృహదణువులును ద్రావకమును కలియుటకు, విడుటకు గల నియమములను 1942 ప్రాంతమున ఫ్లోరీ, హగ్గిన్స్ గణితమున కెక్కించిరి. ఒక హద్దు దాటి వేడిచేసినచో విడిపోవు ద్రావణములు కొన్ని కలవని పిదప స్థిరపడినది.

అయితే ఇది గడ్డకట్టుటయా, విడిపోవుటయా అను వివాదము చిరకాలము సాగినది. 2013 ప్రాంతమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వేడిచేసిన మిథైల్ సెల్యులోజులో గొలుసులు చేరి దాదాపు 15 నానోమీటర్ల మందము గల సన్నని నూలు పోగుల వంటివి ఏర్పడుచున్నవనియు, ఆ పోగుల అల్లికయే గడ్డ యనియు చూపిరి. ప్రత్తి నుండి పుట్టిన ద్రావణము వేడి తగిలినపుడు మరల పోగులుగా మారుట గమనింపదగినది.

సోదర పదార్థము లన్నియు ఒకే తీరున నడువవు. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజు వేడికి గడ్డకట్టదు. ఇంచుమించు 40–45 డిగ్రీల నడుమ నీటిని విడిచి తెల్లని అవక్షేపముగా వేరగును. ఆ వేడి వేలూరు గ్రీష్మపు మధ్యాహ్నపు వేడియే. యూరపు ప్రయోగశాలలో తేటగా నుండు ద్రావణము ఈ ఊరి కొట్టములో పొయ్యి లేకయే కలకబారగలదు. ఉప్పు కలిపినచో నీరు ఉప్పువైపు లాగబడుటచే ఇట్టి ద్రావణములు మరింత తక్కువ వేడికే విడిపోవును. కనుక ఉప్పునీటి బావి గల చోట ఫలితము మారును. దేశ కాలములను విడిచి ద్రావణ ధర్మమును చెప్పుట అసంపూర్ణము.

ఆచరణలో ఈ విపరీతము ఒక చిత్రమైన నియమమును తెచ్చినది. బియ్యపు పిండిని చన్నీట కలిపి పిదప కాచవలెను; మిథైల్ సెల్యులోజు పొడిని వేడినీట చల్లి పిదప చల్లార్చవలెను. వేడినీటిలో అది కరగదు గనుక ఉండ కట్టక విడివిడిగా నిలుచును. చల్లారిన కొలది ప్రతి రేణువును సమముగా కరగును. పరిశ్రమలో దానిని శుభ్రపరచుటయు వేడినీటితోనే. రెండు పద్ధతులకును లక్ష్య మొక్కటే: ఉండ కట్టరాదు. దారులు మాత్రము ఎదురెదురు.

5. చింతపిక్క

గంజికిని సెల్యులోజునకును నడుమ వంతెనగా నున్న పదార్థము పాలారు లోయకు చిరపరిచితము, అది చింతపిక్క. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున తిండిగింజల కొరత ఏర్పడగా, మనుష్యులు తినవలసిన పిండిని నూలునకు పట్టించుట సమంజసమా యను ప్రశ్న పుట్టినది. డెహ్రాడూన్ అరణ్య పరిశోధన సంస్థలో చింతపిక్కల పొడిని గంజికి బదులుగా వాడు విషయమున పరిశోధనలు జరిగినవి. 1946 లో పి. ఎస్. రావు, ఘోష్, కృష్ణ అనువారు చింతపిక్కలోని జిగురు పదార్థమును వేరుచేసి శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించిరి. చింతపిక్కల పొడి భారతదేశపు ప్రత్తి, జనపనార మిల్లులలో వాడుకకు వచ్చినది. పారవేయు పిక్క అన్నపు గింజను కాపాడినది.

ఈ పదార్థపు నిర్మాణము చూచినచో ఆశ్చర్యము కలుగును. దాని వెన్నెముక సెల్యులోజు గొలుసే. దానికి క్షైలోజు, గెలాక్టోజు అను చక్కెరలు కొమ్మలుగా నున్నవి. మిథైల్ సెల్యులోజులో మనుష్యుడు తగిలించిన కొసలకు బదులు ఇందు ప్రకృతియే కొమ్మలు తగిలించి నీట కరగునట్లు చేసినది. 1998 లో జపాను శాస్త్రజ్ఞులు షిరకవ, యమతోయ, నిషినారి, కిణ్వము సహాయమున గెలాక్టోజు కొమ్మలను కొంత తొలగించి చూపిరి. అట్లు మార్చిన చింతపిక్క జిగురు వేడికి గడ్డకట్టి, చల్లారిన కరగు స్వభావమును పొందినది. గంజికి బదులుగా వచ్చిన వస్తువు మిథైల్ సెల్యులోజు ధర్మమును దాల్చినది. రెండు ఎదురెదురు దారులు ఒక చింత గింజలో కలిసినవి.

6. కన్నును ద్రావణమును

వేలూరనగానే తెలుగు వారికి ముందుగా తలపునకు వచ్చునది ఆస్పత్రి. 1900 లో ఐడా స్కడ్డర్ ప్రారంభించిన చిన్న వైద్యశాల 1902 లో మేరీ టేబర్ షెల్ స్మారక ఆస్పత్రిగా విస్తరించినది; 1918 లో స్త్రీల వైద్య పాఠశాల వెలసినది. ఆ షెల్ ఆస్పత్రి తరువాతి కాలమున నేత్ర వైద్యశాలగా ప్రసిద్ధి చెందినది. చిత్తూరు, కడప, నెల్లూరు సీమల నుండి రోగులు తరతరములుగా వేలూరునకు వచ్చుచున్నారు.

నేత్ర వైద్యమున సెల్యులోజు ద్రావణములకు ప్రత్యేక స్థానము కలదు. 1945 లో స్వాన్ అను వైద్యుడు మిథైల్ సెల్యులోజును కంటి చుక్కల మందున వాడుటను వివరించెను. 1977 లో ఫెక్నర్ దానిని కటకము అమర్చు శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టెను. పిదప హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజు ద్రావణము చౌకగా లభించుటచే భారతదేశమున శుక్లముల శస్త్రచికిత్సలలో విరివిగా వాడబడినది. కటకము అమర్చునపుడు కంటి లోపలి సున్నితమైన పొరకు గీత పడకుండ ఇది మెత్తగా అడ్డుపడును. పడుగు పోగును రాపిడి నుండి కాపాడు గంజి పనియు ఇదియే.

ఇచ్చట వేడి విషయము ప్రాణప్రదము. ఈ ద్రావణము గడ్డకట్టు వేడి 58 డిగ్రీలకు పైన నున్నది. శరీరపు వేడి 37 డిగ్రీలు. కనుక కంటిలో అది తేటగా నుండి, పని ముగిసిన పిదప కడిగివేయుటకు వీలగును. సూక్ష్మజీవులను చంపుటకై 121 డిగ్రీల ఆవిరిలో నుంచినపుడు మాత్రము సీసాలో తెల్లని గడ్డగా పేరుకొనును. చల్లార్చి కదిలించినచో మరల తేటపడును. విపరీత ధర్మము తెలియనివారు అది చెడిపోయినదని పారవేయుదురు.

7. ఉపసంహారము

యంత్రపు మగ్గములు పెరిగిన కొలది, మిల్లులలో గంజి పట్టిన పడుగు సిద్ధముగా దొరకిన కొలది, వీధిలో పడుగు చాచు దృశ్యము తగ్గుచు వచ్చినది. 1985 లో చేనేతకు కొన్ని రకముల వస్త్రములను ప్రత్యేకించు చట్టము వచ్చినది; లుంగీ అందులో నొకటి. చట్టము గుడ్డను రక్షింప బూనినది గాని, గుడ్డ వెనుక నున్న జ్ఞానమును రక్షింపజాలదు. ఏ పిండికి ఎంత నీరు, ఏ వేళకు ఎంత చిక్కదనము, ఏ ఋతువున ఎంత నూనె, ఏ గుర్తుతో గంజి పాకము తెలియును అనునవి పెద్దలతో పాటు అస్తమించుచున్నవి. ఉత్తర ఆర్కాటు తెలుగు నేతగాండ్ర పలుకుబడి తమిళముతో కలిసి ఏర్పడినది. ఆ మాటలు ఒకసారి పోయినచో మరల ఏ నిఘంటువు నుండియు పుట్టవు.

ప్రయోగశాలలు ద్రావణముల వేడి ధర్మములను డిగ్రీల లెక్కన కొలిచినవి. మగ్గము వాటిని తెల్లవారు జాము, ఎండ పొద్దు, వాన మబ్బు అను కొలతలతో ఎరిగినది. మొదటిది గ్రంథములలో భద్రముగా నున్నది. రెండవదానిని ఎరిగిన వృద్ధులు గుడియాత్తము వీధులలో ఇంకను ఉండగానే, వారి మాటలను వారి నోట విని, వారి పాళ్లను కొలిచి, తెలుగున వ్రాసి యుంచుట భాషా సంఘములకును, శాస్త్ర విద్యార్థులకును ఉమ్మడి కర్తవ్యము. చింతపిక్క జిగురును ప్రయోగశాలకు తీసికొనిపోయినట్లే, ఆ గంజి పాకమును సైతము అచ్చటికి తీసికొనిపోవలసి యున్నది.